పగడాల మీద కాలు పడకుండా: హైదరాబాద్ నుంచి దీవులకు బయల్దేరేవాళ్లకు

శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో అండమాన్ దీవుల్లోని పోర్ట్‌బ్లెయిర్‌లో దిగుతారు. దాన్ని ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం అంటున్నారు. అక్కడి నుంచి పడవెక్కితే స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హ్యావ్‌లాక్, షహీద్ ద్వీప్‌గా మారిన నీల్. ఈ దీవులకు వెళ్లే మనవాళ్లలో చాలామందికి సముద్రంలో తల ముంచి చూడటం, అంటే స్నార్కెలింగ్, అదే మొదటిసారి. పగడపు దిబ్బకు ఎక్కువ దెబ్బ తగిలేది కూడా ఆ మొదటి పది నిమిషాల్లోనే. మాస్కులోకి నీళ్లొస్తాయి, ఊపిరి కోసం నోట్లో పెట్టుకున్న గొట్టంలోకి అల వస్తుంది, ఊపిరి అందదు. ఏం చేయాలో తోచక కాళ్లు కిందికి దించి, దొరికిన గట్టి చోట నిలబడతారు. ఆ గట్టి చోటే పగడం.

ఎవరూ కావాలని పగడాన్ని తొక్కరు. శరీరం అదుపు తప్పడం వల్ల తొక్కుతారు. కాబట్టి పగడాల రక్షణకు చేయాల్సిన పనిలో సగం ప్రయాణానికి ముందే, హైదరాబాద్‌లో ఏదో ఒక స్విమ్మింగ్ పూల్‌లో పూర్తి కావాలి. ఈ వ్యాసంలో దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాం.

తొక్కితే ఏమవుతుంది

పగడపు కొమ్మను దగ్గరగా చూస్తే ఒంటినిండా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ఒక్కో గుంటలో ఒక్కో జీవి ఉంటుంది. పేరు పాలిప్. చాలా రకాల్లో అది కొన్ని మిల్లీమీటర్లే. నోటి చుట్టూ పూరేకుల్లా మెత్తని చేతులు. పగలు చాలావరకు ముడుచుకుని ఉంటుంది, చీకటి పడ్డాక చేతులు చాచి నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని పట్టుకుంటుంది. దాని కండలో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు ఎండతో ఆహారం తయారుచేసి పాలిప్‌కు పెడుతుంది. పగడానికి రంగు ఇచ్చేదీ ప్రధానంగా అదే. గోదావరి, కృష్ణ బురదనీళ్లు కలిసే మన తీరంలో అండమాన్‌లో ఉన్నలాంటి దిబ్బలు పెరగకపోవడానికి పెద్ద కారణం ఇదే. నీళ్లు తేటగా లేక ఎండ లోపలికి దిగకపోతే ఆ నాచు బతకదు.

పాలిప్‌ల కింద ఉన్న గట్టి భాగం సున్నపు అస్థిపంజరం. దానిమీద జీవమున్న పొర చాలా పల్చన, పైన రక్షణగా జిగురు. అరికాలో, ఈతకు పాదాలకు తొడుక్కునే తెడ్డులాంటి ఫిన్ అంచో ఒత్తుకుంటే కింద ఉన్న పదునైన సున్నానికీ పాదానికీ మధ్య ఆ పొర నలిగిపోతుంది. నలిగిన చోట వేరే నాచు పట్టి, గాయం మానకుండా అడ్డుపడుతుంది. గుండ్రంగా బండలా పెరిగే పగడాల్లో చాలా రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటుగానే పెరుగుతాయి. అంటే మీ మోకాలి ఎత్తున్న బండ దాదాపు యాభై ఏళ్లది. కొమ్మల పగడాలు ఏడాదికి పది సెంటీమీటర్ల వరకూ పెరగగలవు కానీ అవి చాక్‌పీసులా పుటుక్కున విరుగుతాయి.

ముందుగా పూల్‌లో

ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టి నాలుగైదుసార్లు, ఒక్కోసారి ముప్పావు గంట సాధన చేస్తే చాలు. ఈత బాగా రావాల్సిన పని లేదు. నాలుగడుగుల లోతు, పక్కన ఈత వచ్చిన మనిషి ఉంటే సరిపోతుంది. ఫిన్‌లు వేసుకోవడానికి పూల్ నిర్వాహకుల అనుమతి అడగండి, రద్దీ లేని వేళ చూసుకోండి.

ముందు మాస్కు సంగతి. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. చేయి వదిలినా అది కిందపడకూడదు. పడితే ఆ మాస్కు మీ ముఖానికి నప్పలేదన్నమాట, పట్టీ ఎంత బిగించినా నీళ్లు కారుతూనే ఉంటాయి. పట్టీ మరీ బిగిస్తే సిలికాన్ అంచు మడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది. మీసం ఉన్నవాళ్లకు ముక్కు కింద నుంచి నీళ్లు రావడం మామూలే. ముక్కు కిందుగా ఒక సన్నని గీత మేర మీసం కత్తిరించుకుంటే చాలావరకు ఆగుతుంది. పాపిట వెంట్రుకలు, స్కార్ఫ్ అంచు మాస్కు లోపల ఇరుక్కోకుండా చూసుకోవాలి. కళ్లద్దాలు వాడేవాళ్లు పవర్ ఉన్న మాస్కు ముందే కొనుక్కోవడం మంచిది. చూపు మసకగా ఉన్నవాళ్లకు తాము దిబ్బకు ఎంత దగ్గరగా ఉన్నారో తెలియదు.

కొత్త మాస్కు గాజుకు లోపల ఫ్యాక్టరీ పొర ఒకటి ఉంటుంది. అది పోయేదాకా ఆవిరి పడుతూనే ఉంటుంది. తెల్లటి మామూలు టూత్‌పేస్ట్‌తో వేలితో రెండుమూడుసార్లు రుద్ది కడగండి. జెల్ పేస్ట్ పనికిరాదు. తర్వాత ప్రతిసారీ నీటిలోకి దిగేముందు పిల్లల షాంపూ ఒక్క చుక్క గాజు లోపల పూసి, సముద్రంలో కాకుండా ఒడ్డున మంచినీళ్లతో కడిగేస్తే సరిపోతుంది. ఆవిరి పట్టిన మాస్కు తీసి తుడుచుకోవాలనే చాలామంది పగడాల మధ్య నిలబడతారు.

ఇక సాధన. మొదటి రోజు ఫిన్‌లు వద్దు. మాస్కు, గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ ఐదు నిమిషాలు నోటితోనే ఊపిరి తీయండి. మొదటి నిమిషం గుండె దడగా ఉంటుంది, అది తగ్గేదాకా ఆగండి. లోపలికి పీల్చిన దానికంటే బయటికి వదిలేది నిదానంగా, పూర్తిగా ఉండాలి. తర్వాత కావాలనే గొట్టంలోకి నీళ్లు రానిచ్చి, గట్టిగా ఒక్క ఊదు ఊది ఖాళీ చేయండి. పదిసార్లు. ఆపైన మాస్కులోకి కాస్త నీళ్లు రానిచ్చి, మాస్కు పై అంచును నుదుటికి నొక్కిపట్టి, తల కొంచెం పైకెత్తి ముక్కుతో గాలి వదలండి. నీళ్లు కింది నుంచి పోతాయి. ఇదీ పదిసార్లు. ఈ రెండూ చేతికి అలవాటైతే సముద్రంలో నిలబడాల్సిన అవసరాలు చాలావరకు తీరిపోయినట్టే.

రెండో పాఠం వెల్లకిలా తిరగడం. ఏ ఇబ్బంది వచ్చినా కాళ్లు దించకుండా పక్కకు దొర్లి, ముఖం ఆకాశం వైపు పెట్టి తేలాలి. అలసట వచ్చినా, దగ్గు వచ్చినా, పక్కవాళ్లతో మాట్లాడాలన్నా ఇదే. ఆలోచించకుండా శరీరం దానంతట అదే తిరిగేదాకా చేయండి.

మూడోది ఫిన్‌లతో. కాళ్లను తుంటి నుంచి ఆడించాలి, మోకాలు కొద్దిగానే వంగాలి, వేగం తక్కువ. కొత్తవాళ్లు దాదాపు అందరూ సైకిల్ తొక్కినట్టు తొక్కుతారు. అలా తొక్కితే ముందుకు పోరు, ఫిన్ మాత్రం నేరుగా కిందికి దిగుతుంది. ఫిన్ కొస మీ వేళ్లకు అవతల ఇంకో అడుగు పైనే ఉంటుంది, అదీ మీ వెనక, మీకు కనిపించని చోట. అది ఎక్కడుందో ఒంటికి తెలియడానికి సమయం పడుతుంది. మలుపు తిరగాలంటే కాళ్లు ఆపేసి, చేతులతో నీటిని వెడల్పుగా తోసి తిరగండి.

చివరికి ఒక పరీక్ష. నాలుగడుగుల నీటిలో ఫిన్‌లతో పది నిమిషాలు అటూఇటూ ఈదండి. మీ కాలుగానీ ఫిన్‌గానీ అడుగుకు ఎన్నిసార్లు తగిలిందో గట్టు మీద కూర్చున్నవాళ్లు లెక్కపెట్టాలి. లెక్క సున్నా అయితే మీరు దిబ్బ మీదికి వెళ్లొచ్చు. ఐదో ఆరో వస్తే ఇంకో రెండుసార్లు పూల్‌కు వెళ్లండి. టైల్స్ మీద తగిలిన ప్రతి దెబ్బా అక్కడ పగడం మీద తగిలేదే.

ఒంటికి రాసుకునేవి, వేసుకునేవి

సన్‌స్క్రీన్‌లలో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రెండు రసాయనాలు పగడాల లార్వాలకు, చిన్న పగడాలకు హాని చేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. సముద్రంలో ఆ హాని ఏ మేరకు ఉంటుందన్న చర్చ ఇంకా సాగుతోంది, నీరు వేడెక్కడం ముందు ఇది చిన్న సమస్యే. అయినా మన చేతిలో ఉన్న పని కాబట్టి చేయాలి. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దేశం పలావు 2020 నుంచి ఇలాంటి సన్‌స్క్రీన్‌లను నిషేధించింది. హవాయిలో 2021 నుంచి ఆ రెండు రసాయనాలున్నవాటి అమ్మకం ఆగింది. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే థాయ్‌లాండ్‌లో సముద్ర జాతీయ పార్కుల్లోకి వాటిని తీసుకెళ్లకూడదని 2021లో ఉత్తర్వు వచ్చింది. లేబుల్ మీద ఇవి వేరే పేర్లతోనూ ఉంటాయి. బెంజోఫెనోన్-3 అంటే ఆక్సీబెంజోన్. ఎథైల్‌హెక్సైల్ మెథాక్సీసినమేట్ అంటే ఆక్టినోక్సేట్. సీసా ముందువైపు ‘రీఫ్ సేఫ్’ (దిబ్బకు హాని చేయనిది) అని రాసుకోవడానికి ఏ కట్టుబాటూ లేదు, కాబట్టి వెనకవైపు చదవండి. జింక్ ఆక్సైడ్ ఉన్నది, నానో (అతిసన్నని రేణువుల) రకం కానిది తీసుకోండి. అది మన రంగు మీద బూడిద పూసినట్టు తెల్లగా కనిపిస్తుంది, చర్మం రంగు కలిపినవి దొరుకుతాయి. స్ప్రే రకాలు వద్దు, సగం గాలికి ఎగిరి ఇసుకలో పడతాయి.

అంతకంటే మంచి మార్గం రాసుకోవాల్సిన అవసరాన్నే తగ్గించడం. ఒళ్లంతా పూసుకోవాలంటే పెద్దవాళ్లకు ఒక్కసారికి దాదాపు 30 మిల్లీలీటర్లు కావాలి. పొడుగు చేతుల లైక్రా చొక్కా, కాళ్లకు లెగ్గింగ్ వేసుకుంటే ముఖం, మెడ, చేతులకు రెండు టీస్పూన్ల లోపే సరిపోతుంది. యూపీఎఫ్ 50 (బట్ట ఎండను ఎంత ఆపుతుందో చెప్పే లెక్క) అని రాసి ఉన్న ఈత చొక్కాలు నగరంలోని క్రీడా సామగ్రి దుకాణాల్లో దొరుకుతాయి. స్నార్కెలింగ్‌లో కాలేది ముఖం కంటే ఎక్కువగా వీపు, మోకాళ్ల వెనక భాగమే. నిండుగా వేసుకునే అలవాటున్న మన ఆడవాళ్లకు ఇది ఎలాగూ అనువుగా ఉంటుంది. కాటన్ కుర్తా, పైజామా, చున్నీతో మాత్రం దిగకండి. నీళ్లు తాగి బరువెక్కి కాళ్లను కిందికి లాగుతాయి, కొంగులు కొమ్మలకు చిక్కుకుంటాయి.

తలనూనె సంగతి కూడా చెప్పాలి. దిగే రోజు పొద్దున కొబ్బరినూనె రాసుకోవద్దు. నూనె నీటిమీద తెట్టులా తేలుతుంది, నుదుటి మీద మాస్కు జారుతుంది. ముందు రోజు రాత్రి తలస్నానం చేసి, జడ గట్టిగా వేసుకుని దిగండి.

నీటి బూట్ల మీద మా అభిప్రాయం సూటిగా చెబుతాం. రాళ్ల ఒడ్డు దాటడానికి అవి పనికొస్తాయి. కానీ కాలికి నొప్పి తెలియని ధైర్యంతో వాటితో పగడాల మీద నడిచేవాళ్లే ఎక్కువ. ఫిన్‌లు వేసుకునేవాళ్లకు వాటి అవసరం లేదు.

ఏ రోజు, ఏ వేళ

నీల్ దీవిలో భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ లాంటి చోట్ల ఒడ్డు దగ్గర లోతు చాలా తక్కువ. పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడు, పగడాలు మోకాలి లోతులోకి వచ్చేస్తాయి, కొన్నిచోట్ల నీటి పైకి తేలతాయి. ఆ వేళ అక్కడ ఈదడం అసాధ్యం, నడవడమే మిగులుతుంది. కాబట్టి నీరు పెరిగే పోటు వేళ చూసుకుని వెళ్లాలి. పోటుకూ పాటుకూ మధ్య దాదాపు ఆరుంపావు గంట తేడా. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ పది గంటలకు పోటు వస్తే రేపు సుమారు పదీ యాభైకి వస్తుంది. పోటు పూర్తి కావడానికి ఒక గంట ముందు దిగి, తర్వాత గంటలోపు బయటికి వస్తే కడుపు కింద నీళ్లు పుష్కలంగా ఉంటాయి.

ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ కూడా పనికొస్తుంది. పౌర్ణమికి, అమావాస్యకు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకు పోటు బాగా ఎక్కువ, పాటు బాగా తక్కువ. అష్టమి చుట్టుపక్కల ఆ తేడా తగ్గుతుంది, ప్రవాహాలూ నెమ్మదిస్తాయి. పిల్లలతో, మొదటిసారి దిగేవాళ్లతో వెళ్తుంటే అష్టమి దగ్గరి రోజులు చూసుకుని టికెట్లు తీసుకోండి.

ఇంకొకటి నీటి వేడి. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే పగడాలు తమలోని నాచును బయటికి నెట్టేసి తెల్లబడతాయి. మన సముద్రాల్లో 1998, 2010, 2016లలో ఇలా పెద్దఎత్తున జరిగింది. 2024లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి మొదలైందని శాస్త్రవేత్తలు ప్రకటించారు, ఆ ఏడాది లక్షద్వీప్ కూడా దెబ్బతింది. ఈ వేడిని ఉపగ్రహాలతో గమనిస్తూ మన దీవులకు హెచ్చరికలు ఇచ్చే సంస్థ మన ఊళ్లోనే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ అదే. దాని వెబ్‌సైట్‌లో పగడాల తెల్లబాటు హెచ్చరికలు ఎవరైనా చూడొచ్చు. అందులో కనిపించే లెక్కను ‘డిగ్రీ హీటింగ్ వీక్స్’ అంటారు. గరిష్ఠం కంటే ఒక డిగ్రీ ఎక్కువగా నాలుగు వారాలుంటే 4. రెండు డిగ్రీలు ఎక్కువగా రెండు వారాలున్నా 4. నాలుగు దాటితే తెల్లబాటు, ఎనిమిది దాటితే చావులు కూడా మొదలవుతాయని అంచనా. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లేవాళ్లు టికెట్లకు ముందు ఇది చూడాలి. లెక్క నాలుగు దాటి ఉంటే దిబ్బల మీదికి ఈతకు వెళ్లడం మానుకుని, మడ అడవుల్లో పడవ ప్రయాణం లాంటివి పెట్టుకోండి. జ్వరంతో ఉన్న జీవికి చిన్న దెబ్బ కూడా పెద్దదే.

పడవ మాట్లాడేటప్పుడు

అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కిందట వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు. పడవ దగ్గర తెలుగులోనే అడగొచ్చు. డబ్బులు మాట్లాడకముందే, “అన్నా, లంగరు ఎక్కడేస్తావు? అక్కడ బోయా ఉందా?” అని అడగండి. నీటిలో శాశ్వతంగా కట్టి ఉంచిన తేలే బుర్ర, అంటే బోయాకు తాడు కట్టుకునే పడవ అన్నిటికంటే మేలు. బోయా లేకపోతే ఇసుకలో వేసే లంగరు. దిబ్బ మీద వేస్తే లంగరు పడిన చోటు ఒక్కటే విరగదు. గాలికి పడవ తిరిగినకొద్దీ గొలుసు చుట్టూ ఈడ్చుకుపోయి వృత్తం మేర పగడాన్ని ఊడ్చేస్తుంది.

రెండో ప్రశ్న చేపలకు బ్రెడ్, బిస్కెట్ వేస్తారా అని. ఫొటోలో చేపలు గుంపుగా రావాలని వేస్తారు. “మాకు వద్దన్నా, వేయొద్దు” అని ముందే చెప్పండి. దిబ్బ మీది చేపల్లో చాలా రకాల పని నాచును మేయడం. మేత మానేసి బ్రెడ్ కోసం పడవల వెంట తిరిగితే నాచు పగడాలను కమ్మేస్తుంది. మూడోది, గైడ్ నీటి అడుగు నుంచి నక్షత్ర చేపనో సముద్ర దోసకాయనో తీసి మీ చేతిలో పెట్టబోతే నవ్వుతూనే వద్దనండి. మీరు సరదా పడతారని తీస్తాడు, మీరు అడగకపోతే మానేస్తాడు.

పోర్ట్‌బ్లెయిర్‌కు దగ్గర్లో, వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కు 1983లో ఏర్పడింది. అక్కడి జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను ఏడాదిలో వంతులవారీగా తెరుస్తారు, దిబ్బలకు విరామం దొరకాలని. ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు, బ్యాగులు చూస్తారు. స్టీలు సీసా, స్టీలు టిఫిన్ డబ్బా హైదరాబాద్ నుంచే పెట్టుకోండి. విరామం ఇస్తే ఫలితం ఉంటుందనడానికి థాయ్‌లాండ్‌లోని మాయా బే సాక్ష్యం. రోజూ వేలమంది రావడంతో దెబ్బతిన్న ఆ తీరాన్ని 2018 జూన్‌లో మూసేసి, 2022 జనవరిలో తెరిచారు. ఆ మధ్యకాలంలో నల్లమచ్చ సొరచేపలు తిరిగొచ్చాయి. ఇప్పుడక్కడ ఈతకు ఆంక్షలున్నాయి.

లక్షద్వీప్‌కు ముందుగా అనుమతి పత్రం కావాలి, కొచ్చి మీదుగా అక్కడి అగత్తి దీవికి వెళ్లొచ్చు. ఆ దీవుల నేల పగడాల నుంచి ఏర్పడిందే. కింద మంచినీళ్లు సన్నని పొరలా మాత్రమే ఉంటాయి, కాబట్టి అక్కడ షవర్ కింద గడిపే ప్రతి నిమిషానికీ విలువ ఉంటుంది.

నీటిలో

ఇసుక దారి ఉన్న చోట దిగండి. ఫిన్‌లు ఇసుకలో నడుము లోతున నిలబడి వేసుకోండి, అక్కడే విప్పండి. మాస్కు సరిచూసుకోవడం, పిల్లల పట్టీలు బిగించడం అంతా ఇసుక మీదే ముగించి, అప్పుడు దిబ్బ వైపు తేలుతూ వెళ్లండి. మీ కడుపుకూ పగడానికీ మధ్య మీటరు నీళ్లు లేకపోతే ఆ వైపు వెళ్లొద్దు, చుట్టూ తిరిగి వెళ్లండి.

లైఫ్ జాకెట్ వదులుగా ఉంటే నీటిలో అది గడ్డం దాకా పైకి లేస్తుంది, శరీరం నిలువుగా అవుతుంది, కాళ్లు కిందికి వేలాడతాయి. నిలువుగా ఉన్న మనిషే పగడానికి ప్రమాదం. పట్టీలన్నీ బిగించి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే అదీ కట్టుకోండి. హ్యావ్‌లాక్‌లోని ఎలిఫెంట్ బీచ్‌లో రబ్బరు చక్రం పట్టుకున్నవాళ్లను గైడ్ లాక్కెళ్తాడు. అప్పుడు చక్రం మీదికి వాలి, ఛాతీ నీటికి ఆనించి, కాళ్లు వెనక్కి చాపి ఉంచండి. మోకాళ్లు ముడిస్తే పాదాలు దిగి తగులుతాయి. ఫొటో కోసం “ఇక్కడ కాలు పెట్టండి” అని గైడ్ అన్నా పెట్టొద్దు.

కెమెరా మొదటి ఇరవై నిమిషాలు ఒడ్డునే ఉండనివ్వండి. రెండు చేతులతో కెమెరా పట్టుకుని తెర చూస్తున్న మనిషికి తన కాళ్లు గుర్తుండవు. సెల్ఫీ కర్ర అసలే వద్దు.

ఇసుక లేపకుండా ఈదడం కూడా ముఖ్యమే. ఫిన్ ఊపుకు లేచిన ఇసుక మేఘంలా కమ్మి పాలిప్‌ల మీద కూర్చుంటుంది. దాన్ని తోసేయడానికి అవి జిగురు కార్చాలి. అందుకు ఖర్చయ్యే శక్తి, వేడి రోజుల్లో వాటి దగ్గర ఉండదు.

ట్యాంకుతో మొదటిసారి స్కూబా చేసేవాళ్లకు పైకీ కిందికీ పోవడం ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉంటుంది. మీరు చేయాల్సింది చేతులు కట్టుకుని, చెప్పినప్పుడే కాళ్లు ఆడించడం. ఒక్కరికి ఒక్క ఇన్‌స్ట్రక్టర్ ఉండే చోటే ఎంచుకుని, సాధన భాగమంతా ఇసుక మీద చేయించమని అడగండి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు అవసరానికి మించి బరువు కట్టుకోవడం. బరువు ఎక్కువైతే తేలడానికి గాలి నింపే డైవింగ్ జాకెట్లోకి ఎక్కువ గాలి ఎక్కించాలి. ఛాతీ పైకి, నడుము కిందికి పోతాయి, ఫిన్‌లు పగడాలను దువ్వుతూ వెళ్తాయి. జాకెట్లో గాలి తీసేసి, మామూలుగా పీల్చిన ఊపిరితో నీటిమీద నిలువుగా ఉంటే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. అదే సరైన బరువు. అల్యూమినియం ట్యాంకు ఖాళీ అయ్యేసరికి దాదాపు రెండు కిలోలు తేలికవుతుంది కాబట్టి ఈ పరీక్షను డైవ్ చివర, ట్యాంకులో గాలి పీడనం 50 బార్ ఉన్నప్పుడు చేస్తే కచ్చితంగా తెలుస్తుంది. వేలాడే గాలి పీడనం గేజ్‌ను, ఊపిరి తీసుకునే రెండో రెగ్యులేటర్‌ను జాకెట్‌కు క్లిప్ చేయండి.

ఎంత జాగ్రత్తపడినా గీసుకోవచ్చు. పగడపు గీతలో సున్నపు నలుసులు, జిగురు ఉండిపోతాయి, అందుకే ఆ గాయం త్వరగా చీము పడుతుంది. ధారగా పడే మంచినీళ్లు, సబ్బుతో బాగా కడిగి నలుసులు తీసేయండి. ఎర్రబారి వాపు పెరుగుతుంటే డాక్టర్‌కు చూపించాలి.

తెల్లగా కనిపిస్తే

తెల్లదనమంతా చావు కాదు. కొమ్మ పగడాల కొసలు మాత్రమే లేతగా ఉంటే అది కొత్త ఎదుగుదల, అక్కడికి నాచు ఇంకా సరిగా చేరలేదు. కొమ్మ మొత్తం కాగితంలా మెరుస్తూ తెల్లగా ఉండి, దగ్గరగా చూస్తే పారదర్శకమైన పాలిప్‌లు కనిపిస్తే అది తెల్లబడి ఇంకా బతికే ఉంది. వేడి త్వరగా తగ్గితే కోలుకునే అవకాశముంది. పైన పచ్చగానో గోధుమరంగులోనో నూగు పట్టి ఉంటే చనిపోయింది. మధ్య రకాన్ని చూస్తే ఇంకా దూరం జరగండి. తేదీ, చోటు, సుమారు లోతు రాసుకుని ఫొటోతో డైవ్ సెంటర్‌కు ఇవ్వండి.

పళ్లెంలో, దుకాణంలో

హోటల్లో చిలుకచేప ఉంటే అడగకండి. పలుగులాంటి పళ్లతో దిబ్బ మీది నాచును గీకి శుభ్రం చేసేది అదే, నమిలిన సున్నాన్ని ఇసుకగా వదిలేదీ అదే. వంజరం, సూరచేప తినండి. అవి బయటి సముద్రంలో తిరిగేవి. వంజరాన్ని అక్కడ సురమై అంటారు.

పగడపు ముక్కలు, సముద్రపు విసనకర్రలు (విసనకర్రలా పరుచుకునే పగడాల బంధువులు), సముద్రపు గుర్రాలు, ఎండబెట్టిన సముద్ర దోసకాయలు కొనకూడదు, ఏరుకోకూడదు. 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, పులితో సమానంగా. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. ఒడ్డున చచ్చిపడి ఉన్న ముక్కకూ ఇదే వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకునేవాళ్లు బతికున్న పగడాన్ని, దిబ్బ నుంచి తెచ్చిన రాయిని వద్దనాలి.

పత్తర్‌గట్టిలో ముత్యాల పక్కన అమ్మే, కుజుడికి ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం వేరు. ప్రసిద్ధమైన ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో, వెలుతురు తగ్గే లోతుల్లో పెరిగే జాతి. అది ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లావెక్కదు. ఇంట్లో అమ్మమ్మదో నానమ్మదో పాత పగడం ఉంటే దాన్నే మళ్లీ పొదిగించుకోవచ్చు.

తిరుగు ప్రయాణం రోజు, తీరం వదిలేముందే పిల్లల జేబులు, బొమ్మల బకెట్లు ఒకసారి చూడండి. పగడపు ముక్క ఉంటే తీసిన చోటే నీటి అంచున పెట్టించండి. గవ్వ ఉంటే అరచేతిలో పెట్టుకుని రెండు నిమిషాలు కదలకుండా చూడమనండి. ఖాళీ గవ్వల్లో కాపురం పెట్టే చిన్న పీత లోపల ఉంటే ముందు ఒక మీసం, తర్వాత రెండు కాళ్లు మెల్లగా బయటికి పెడుతుంది.